అడవి మందుకు హాని లేదన్నది ఎవరి మాట?

పట్నాల్లో బస్టాండు పక్కన గుడ్డ పరచి, నెమలి ఈకలు, ఎండిన వేళ్లు, గింజలు పేర్చి, తాము కోయదొరలమని చెప్పుకుంటూ మందులు అమ్మేవాళ్లను మనలో చాలామంది చూసే ఉంటారు. కోయభాషలో పలకరిస్తే బదులు చెప్పలేనివాళ్లూ వాళ్లలో ఉంటారు. వాళ్లు మొదట అనే మాట ఒకటే: "ఇది అడవి మందు, దీనికి హాని లేదు." ఇప్పుడు అదే మాట సీసాల మీద అచ్చవుతోంది, సెల్‌ఫోన్లలో తిరుగుతోంది. మన పేరుతో చెలామణి అవుతోంది కాబట్టి మన పిల్లలు కూడా అది మన పెద్దల మాటేనని నమ్ముతున్నారు. కాదని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాం.

మన పెద్దలు అడవికి హాని లేదని ఏనాడూ అనలేదు. ముష్టి చెట్టునూ ఇండుగ చెట్టునూ చూడండి. వృక్షశాస్త్రం ప్రకారం రెండూ ఒకే ప్రజాతి, దగ్గరి చుట్టాలు. ఇండుగ గింజను (కొన్నిచోట్ల చిల్లగింజ అంటారు) కుండ లోపల అరగదీస్తే వాననీటి బురద అడుగుకు చేరి నీళ్లు తేటపడతాయి. ముష్టి గింజ కొద్దిగా ఎక్కువైనా ఒళ్లు విల్లులా బిగుసుకుపోయి మనిషి చనిపోతాడు. అందులోని విషం స్ట్రిక్నిన్‌ను 1818లో ఫ్రాన్సులో పెలెటియె, కావెంటూ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వేరుచేశారు. మరో రెండేళ్లకు, 1820లో, చలిజ్వరానికి వాడే సింకోనా బెరడు నుంచి క్వినైన్‌ను తీసిందీ ఆ ఇద్దరే. చెట్టులో ప్రాణం తీసేదీ ఉంది, నిలబెట్టేదీ ఉంది. ముష్టి గింజను శుద్ధి చేయకుండా మందులో వేయకూడదని దేశీయ వైద్యాలన్నీ చెబుతాయి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ మన దగ్గర కొన్న అటవీ ఫలసాయంలో ముష్టి గింజలూ ఇండుగ గింజలూ రెండూ ఉన్నాయి. ఏరి తెచ్చిన మన అమ్మలు ఆ రెంటినీ ఒకే మూటలో కలపరు. హాని లేదనే మాట నిజమైతే ఆ జాగ్రత్త ఎందుకు?

ఇక పాతాళగరుడి కథ. దీన్నే సర్పగంధి అంటారు. ఈ ఒక్క వేరు చరిత్రలో మూలికల గురించి జనానికున్న అపోహలు దాదాపు అన్నీ కనిపిస్తాయి.

మొదటి చిక్కు పేరుతోనే. తెలుగులో పాతాళగరుడి అంటే సర్పగంధి. సంస్కృత గ్రంథాల్లో అదే పేరు దూసరితీగది. పుస్తకంలో పేరు చూసి అడవికి వెళ్లినవాడు ఒకదానికి బదులు మరొకటి తవ్వుకురావచ్చు. శాస్త్రం పెట్టిన పేరు రావుల్ఫియా సర్పెంటైనా. అందులో మొదటి సగం 16వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు రావుల్ఫ్‌ది, ఈ వేరును తరతరాలుగా వాడినవాళ్లది కాదు. రెండో సగంలో పాము ఉంది.

పేరులో పాము, గరుడుడు ఉన్నారు కాబట్టి పాముకాటుకు ఇదే మందు అనే నమ్మకం బలపడింది. ఈ నమ్మకం ప్రాణాలు తీస్తోంది. మందు తిన్నవాడు బతికాడు కదా అంటారు. పాముల్లో ఎక్కువ రకాలకు విషమే లేదు. విషమున్న పాము కూడా ఒక్కోసారి విషం దించకుండా కరుస్తుంది. అలాంటి కాటు తిన్నవాడు వేరు నమిలినా నమలకపోయినా బతుకుతాడు, పేరు మాత్రం వేరుకు వస్తుంది. చనిపోయినవాణ్ని మాత్రం వాడి రాత అలా ఉందని లెక్కలోంచి తీసేస్తాం.

ఈ విషయం మన ప్రాంతంలోనే ఒకాయన రెండు వందల ఏళ్లకు పైబడిన కిందటే పరీక్షించాడు. 1780ల్లో విశాఖపట్నంలో ఉన్న పాట్రిక్ రసెల్ ఈస్టిండియా కంపెనీ తరఫున పనిచేసిన వైద్యుడు. కోరమాండల్ తీరపు పాముల మీద 1796లో పెద్ద పుస్తకం అచ్చువేయించాడు. కుక్కలను, కోళ్లను పాములతో కరిపించి ఏది విషపామో, ఏది కాదో చూశాడు. ముందు పామును గుర్తించాలి, మందు సంగతి తర్వాత అన్నది ఆయన పట్టుదల. పాముల పేర్లను స్థానికులు చెప్పినట్టే రాసుకున్నాడు. మనం రక్తపింజర అనే పాముకు ఆయన పుస్తకంలో ఉన్న పేరు "కాటుక రేకుల పొడ". తర్వాత లోకమంతా దాన్ని రసెల్ పాము అంది. పేర్లు చెప్పిన మనుషుల ఊసు ఎక్కడా లేదు, అది వేరే సంగతి.

నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషానికి విరుగుడు గుర్రపు రక్తం నుంచి తయారయ్యే ఇంజెక్షను. దాని పని ఏ వేరూ చేయదు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకులు లెక్కగట్టారు. మరణాలు ఎక్కువున్న ఎనిమిది రాష్ట్రాల్లో, తెలంగాణను కలుపుకొని ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఎక్కువమంది పల్లెల్లో, ఇళ్లలోనే పోయారు.

అంటే పాతాళగరుడి ఉత్త వేరా? కాదు. దాన్ని పాముకాటుకు కాక మరొక పనికి కూడా వాడేవాళ్లు. బిహార్‌లో అది పిచ్చి మందుగా అమ్ముడయ్యేది. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ ఆ వేరు పిచ్చిని శాంతింపజేస్తుందనీ రక్తపోటు తగ్గిస్తుందనీ రాశారు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ 50 మంది రోగుల అనుభవాన్ని ఇంగ్లండు పత్రికలో ప్రకటించాడు. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ అందులోని రిసర్పిన్‌ను వేరుచేసింది. ప్రపంచమంతా వాడింది.

వాడిన కొద్దికాలానికే మరో సంగతి బయటపడింది. కొందరు రోగులు తీవ్రంగా దిగులుపడి, ఆత్మహత్య ఆలోచనల దాకా వెళ్లారు. రక్తపోటుకు ఇచ్చే రిసర్పిన్ రోజుకు సాధారణంగా మిల్లీగ్రాములో పావు వంతు లోపే. ఇక చిటికెడు పొడిలో ఆ మందు ఎంత ఉందో కంటితో చెప్పగలిగేవాడు లేడు. చెట్టు వయసును బట్టి, నేలను బట్టి, తవ్విన కాలాన్ని బట్టి అది మారుతుంది. ఇప్పటికే బీపీ మాత్ర వేసుకుంటున్న అవ్వకు పైనుంచి ఈ పొడి కూడా ఇస్తే కళ్లు తిరిగి పడిపోవచ్చు. మందుగా పనిచేసే శక్తి ఉన్నదానికే హాని చేసే శక్తీ ఉంటుంది.

గిరాకీ మొక్కకూ హాని చేసింది. మందు వేరులో ఉంది కాబట్టి తవ్వితే మొక్కే పోతుంది. చివరికి సర్పగంధి అంతర్జాతీయ వ్యాపారంపై నియంత్రణ ఉన్న మొక్కల జాబితాలోకి ఎక్కింది.

పచ్చకామెర్ల విషయం క్లుప్తంగా చెబుతాం. ఇంగ్లీషు వైద్యంలో దానికి మందే లేదు, పసరే మందు అని చదువుకున్న ఉపాధ్యాయులు కూడా అంటారు. కలుషిత నీటితో వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతటవే తగ్గుతాయి. ఆ వారాల్లో తాగిన పసరుకు ఆ ఘనత దక్కుతుంది. అదే గర్భిణికి వస్తే ప్రాణాంతకం కావచ్చు. హెపటైటిస్ బి అయితే ఒంట్లో ఏళ్ల తరబడి దాగి ఉండి కాలేయాన్ని తినేస్తుంది. పైకి మూడూ పసుపే. నేలఉసిరి మీద 1988లో మద్రాసు పరిశోధకులు లాన్సెట్ పత్రికలో ఆశ పుట్టించే ఫలితం ప్రకటించారు. హెపటైటిస్ బి ఉన్న 37 మందికి ఇస్తే 22 మందిలో దాని గుర్తు కనిపించకుండా పోయిందని. తర్వాత ఇతర దేశాల్లో చేసిన పరీక్షల్లో ఆ ఫలితం రాలేదు. నేలఉసిరిని తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. రక్తపరీక్ష చేయించకుండా పసరు పోసేవాడు ఏ కామెర్లకు పోస్తున్నాడో వాడికే తెలియదు. హెపటైటిస్ బి రాకుండా టీకా ఉంది, పుట్టిన బిడ్డకు వేస్తారు.

మన వైద్యమంతా మూఢనమ్మకం అన్నది ఇంకో అపోహ, బయటివాళ్లది. దానికి జవాబు కేరళలో ఉంది. 1987లో అగస్త్య కొండల్లోకి వెళ్లిన శాస్త్రవేత్తలు అలసిపోతుంటే దారి చూపిన కాణి ఆదివాసులు ఏవో కాయలు తింటూ హుషారుగా నడిచారు. అడగ్గా అడగ్గా మొక్కను చూపించారు. అదే ఆరోగ్యపచ్చ. దానితో జీవని అనే మందు తయారైంది. 1995లో ఒక ఆయుర్వేద సంస్థకు హక్కు ఇచ్చి, వచ్చే సొమ్ములో సగం కాణీలకు అని నిర్ణయించారు. 1997లో వాళ్ల ట్రస్టు ఏర్పడింది. ఆ జ్ఞానాన్ని బయటపెట్టడానికి కాణి వైద్యుల్లో కొందరు అభ్యంతరం కూడా చెప్పారు. మేము గమనించినది మరొకటి ఉంది: కాణీలు తిన్నది కాయ, కంపెనీ మందులో వేసింది ఆకు. వాళ్ల అనుభవం ఆకుకు హామీ కాదు.

అందుకే మన వెజ్జు, దిసారి, నాటు వైద్యుడు చెప్పేది రాసుకునే యువతకు, ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. మొక్క పేరును మన భాషలోనే రాయండి, పక్కన ఎండబెట్టిన కొమ్మను అతికించండి. ఏ భాగం, ఏ కాలంలో, ఎంత, ఎన్నాళ్లు అన్నది అడగండి. ఎవరికి ఇవ్వరు అని కూడా అడగండి. పెద్దలు అందరికన్నా ఎక్కువ మాట్లాడేది ఆ ప్రశ్న దగ్గరే. గర్భిణికి వద్దు, పసిబిడ్డకు వద్దు, పరగడుపున వద్దు, దీనికి పెద్దాసుపత్రికే పొమ్మంటాను అంటారు. సీసా మీద అచ్చుకాని మాటలు అవే.