మెస్సీనా 1955: మీటింగ్‌కి ముందు జరిగిన పని

పెద్ద పెద్ద సమావేశాల ఫోటోలు చూసినప్పుడల్లా నాకో అనుమానం. సూట్లేసుకుని, చేతులు కలుపుతూ, కెమెరా వైపు నవ్వుతున్న ఆ మంత్రులంతా నిజంగా అక్కడే కూర్చుని ఏదన్నా తేల్చేసి ఉంటారా? చాలాసార్లు ఉండదు. తేలాల్సిందాంట్లో సగం అంతకు నెలా రెండు నెలల ముందే, చేతులు మారిన కాగితాల్లో తేలిపోయి ఉంటుంది. దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ 1955 జూన్ 1 నుంచి 3 దాకా సిసిలీలోని మెస్సీనాలో జరిగిన ఆరు దేశాల విదేశాంగ మంత్రుల సమావేశం. ఇవాళ మనం యూరోపియన్ యూనియన్ అంటున్నామే, దాని తీగ లాగితే డొంక కదిలేది అక్కడే.

ముందు అప్పటి పరిస్థితి చెప్పుకోవాలి. ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్.. ఈ ఆరూ 1951లో పారిస్ ఒప్పందం మీద సంతకాలు చేసి బొగ్గు, ఉక్కు వ్యవహారాలు ఒక ఉమ్మడి సంస్థ చేతిలో పెట్టాయి. ఆ ఊపులో ఉమ్మడి సైన్యం కూడా పెట్టుకుందాం అనుకున్నాయి. ఆ ఐడియా ఫ్రాన్స్‌దే. దాన్ని చంపిందీ ఫ్రాన్సే! 1954 ఆగస్టు 30న ఫ్రెంచ్ పార్లమెంటు 319-264 ఓట్లతో దాన్ని అటకెక్కించింది. ఓడించిన సభ్యులు లేచి నిలబడి జాతీయగీతం పాడారు కూడా. రెండు నెలలు తిరిగాక, బొగ్గు-ఉక్కు సంస్థకి అధ్యక్షుడిగా ఉన్న జాఁ మోనే ఇక నేను కొనసాగను అని ప్రకటించాడు. యూరప్ ఏకీకరణ అనే మాటెత్తితేనే మొహం తిప్పుకునే రోజులవి. ఇంకొక్కసారి బోర్లా పడితే మళ్ళీ ఇప్పట్లో ఎవడూ ఆ జోలికి వెళ్ళడన్నమాట.

సరే, మోనే కుర్చీలో ఎవర్ని కూర్చోబెట్టాలో తేల్చడానికి మంత్రులు ఎలాగూ కలవాలి. అధికారికంగా మెస్సీనా సమావేశానికి మొదటి పని అదే. బెల్జియం విదేశాంగ మంత్రి పాల్-హెన్రీ స్పాక్‌కి ఇందులో సందు కనిపించింది. ఎలాగూ కలుస్తున్నాం కదా, పనిలో పనిగా ఇంకో విషయం కూడా మాట్లాడదాం అంటూ 1955 ఏప్రిల్ 2న జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీలకి ఉత్తరాలు రాశాడు. మోనే ఆలోచన దాని వెనకుంది. బొగ్గు, ఉక్కు అయ్యాయి కాబట్టి తర్వాత రవాణా, కరెంటు, అణుశక్తి, ఇలా ఒక్కో రంగాన్నీ కలుపుకుంటూ పోదాం అని. వచ్చిన స్పందన మాత్రం చప్పగా ఉంది.

రెండు రోజులు తిరక్కుండానే, ఏప్రిల్ 4న, నెదర్లాండ్స్ మంత్రి యోహాన్ విల్లెమ్ బేయెన్ దగ్గర్నుంచి స్పాక్‌కి ఒక మెమో వచ్చింది. ఈ బేయెన్ గురించి కాస్త చెప్పాలి. ఈయన రాజకీయాల్లో పుట్టి పెరిగిన మనిషి కాదు, బ్యాంకులాయన. 1944లో బ్రెట్టన్‌వుడ్స్‌కి డచ్ బృందాన్ని తీసుకెళ్ళాడు. 1952లో డచ్ ప్రభుత్వంలో విదేశాంగ శాఖ ఎవరికివ్వాలో తేలక ఇద్దర్ని పెట్టారు, ఈయనొకడు, యోసెఫ్ లున్స్ ఇంకొకడు. ఇద్దరెందుకయ్యా అని అడిగితే, మా దేశం చిన్నది కదా, మాకు 'విదేశం' చాలా పెద్దది, అందుకే ఇద్దరు కావాలి అని లున్స్ అనేవాడట.

బేయెన్ వాదన సూటిగా ఉంటుంది. ఒక్కో రంగాన్నీ విడిగా కలిపితే, ఆ రంగంలో వచ్చే ఇబ్బందుల బరువు పక్క రంగాల మీదో వినియోగదారుడి మీదో పడుతుంది. ఉమ్మడి బాధ్యత అనేది పుట్టదు. కలిపితే మొత్తం మార్కెట్టే కలపాలి, సుంకాలన్నీ ఎత్తెయ్యాలి. ఇది ఆయనకి ఆ రోజు తట్టిన ఐడియా కాదు. 1952-53 నుంచీ చెబుతూనే ఉన్నాడు. అప్పట్లో అందరి కళ్ళూ ఉమ్మడి సైన్యం మీదే ఉన్నాయి, ఎవరూ చెవిన పెట్టలేదు.

ఇక్కడే నాకు నచ్చిన భాగం మొదలవుతుంది. స్పాక్‌ది ఒక దారి, బేయెన్‌ది ఇంకో దారి. ఎవరిది గొప్పో తేల్చుకోకుండా రెండూ ఒకే కాగితంలో పెట్టేశారు. లక్సెంబర్గ్‌కి చెందిన జోసెఫ్ బెక్ కూడా కలిశాడు. మే నెల మూడో వారానికి మూడు దేశాల పేరు మీద బెనెలక్స్ మెమొరాండం మిగిలిన మూడు రాజధానులకీ చేరింది. అందులో రవాణా, ఇంధనం, అణుశక్తి ఉన్నాయి, వాటి పక్కనే ఉమ్మడి మార్కెట్టూ ఉంది. పైకి అతుకుల బొంతలా కనిపిస్తుంది. కానీ అందులో తలా ఒక ముద్ద ఉంది చూడండి. ఉమ్మడి మార్కెట్ అంటే ఫ్రాన్స్ పరిశ్రమలకి భయం, అణుశక్తి అంటే మాత్రం ఆసక్తి. జర్మనీ ఆర్థిక మంత్రి లుడ్విగ్ ఎర్హార్డ్‌కి రంగాలవారీ పద్ధతంటే ఒళ్ళుమంట, సుంకాలు తగ్గిద్దామంటే కాదనలేడు. ఇటలీలో ఉద్యోగాల్లేని జనం ఎక్కువ, కూలీలు సరిహద్దు దాటి పని చేసుకునే వీలు కావాలి. ఎవరికి వాళ్ళు ఆ కాగితంలో తమ వాక్యం వెతుక్కోవచ్చు.

మా ఫీల్డులో డిజైన్ రివ్యూలు చూసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. ముందుగా డాక్యుమెంట్ రాసి అందరికీ పంపినవాడి మాటే చాలావరకు నెగ్గుతుంది. మిగిలినవాళ్ళు దానికి కామెంట్లు పెడతారు తప్ప కూర్చుని ఇంకోటి రాయరు. జర్మనీ, ఇటలీ కూడా తమ మెమొరాండాలు పట్టుకొచ్చాయి, నిజమే. కానీ చర్చ ఏ పాయింట్ల మీద జరగాలో అప్పటికే ఖాయమైపోయింది. అందరికన్నా చిన్న దేశాలు మూడూ పెద్ద దేశాల చేత తమ ఎజెండా మీద మాట్లాడించాయి. సైన్యం బలంతో చేయలేని పని ఇది.

జర్మన్ల ఇంటి గొడవ వేరే ఉంది. విదేశాంగ శాఖ ఒక మాట, ఆర్థిక శాఖ ఇంకో మాట. మే 22 ఆదివారం నాడు ఐఫెల్ కొండల్లోని ఐషర్‌షైడ్ అనే పల్లెటూళ్ళో రెండు శాఖల పెద్ద అధికారులూ కూర్చుని రాజీకొచ్చారు. ఆ ఆదివారం అలా ఖర్చు కాకపోతే మెస్సీనాలో జర్మనీ తరఫున వాల్టర్ హాల్‌స్టైన్ ఏం మాట్లాడేవాడో ఊహించడం కష్టం.

ఇంతకీ మెస్సీనాయే ఎందుకు? ఇటలీ విదేశాంగ మంత్రి గేటానో మార్టీనోది ఆ ఊరే. వృత్తిరీత్యా డాక్టరు, అక్కడి యూనివర్సిటీకి రెక్టార్‌గా చేశాడు. జూన్ 5న సిసిలీలో ప్రాంతీయ ఎన్నికలు, ఆయన ప్రచారం వదిలి రాలేడు. కాబట్టి యూరపే ఆయన దగ్గరకొచ్చింది :) 1908 భూకంపంలో నేలమట్టమై మళ్ళీ కట్టుకున్న ఊరది. మొదటి రోజు టౌన్‌హాల్లో కూర్చున్నారు, బస మాత్రం తవొర్మీనాలో, పాత మఠాన్ని హోటల్‌గా మార్చిన శాన్ డొమెనీకోలో. అసలు బేరం ఆ హోటల్లోనే రాత్రంతా నడిచి జూన్ 3 తెల్లవారుజామున తెగింది. ఫ్రాన్స్ మంత్రి ఆంత్వాన్ పినేని ఒప్పించడానికే ఎక్కువ సేపు పట్టింది.

తెగింది అన్నాను గానీ, తీర్మానం చదివితే మహా నీరసంగా ఉంటుంది. దేశాలకి పైన కూర్చునే అధికారం అన్న మాట ఎక్కడా లేదు. ఉమ్మడి సైన్యం ఆ మాట దగ్గరే చచ్చింది మరి. ఉమ్మడి మార్కెట్ అనేది లక్ష్యం, దాన్ని ఎలా సాధించాలో ఒక కమిటీ అధ్యయనం చెయ్యాలి, అంతే. పినే కాదనడానికి అందులో ఏముంది? అయితే అధికారుల కమిటీకి ఒక రాజకీయ నాయకుడు నాయకత్వం వహించాలి అని ఒక ముక్క ఉంది. అసలు కిటుకు అదేనని నా అభిప్రాయం. అధికారులనే వదిలేస్తే అభ్యంతరాల జాబితా తయారుచేసి పంపేవారు. జూన్‌లోనే ఆ పని స్పాక్‌కి అప్పజెప్పారు, జులై 9న బ్రసెల్స్‌లో కమిటీ మొదలైంది.

బ్రిటన్‌నీ పిలిచారు. వాళ్ళు వాణిజ్య శాఖ నుంచి రస్సెల్ బ్రెదర్టన్ అనే అధికారిని పంపారు. ఒప్పుకునే అధికారం గానీ, కాదనే అధికారం గానీ ఆయనకి లేదు. ఆయన ఏదో పెద్ద డైలాగ్ కొట్టి వాకౌట్ చేశాడని ఒక కథ తిరుగుతూ ఉంటుంది, దానికి గట్టి ఆధారం లేదు. ఆర్థిక మంత్రి బట్లర్ మాత్రం మెస్సీనా వ్యవహారాన్ని ఏదో పాత సిసిలీ ఊళ్ళో పురావస్తు తవ్వకాల్లా తీసిపారేశాడని చెబుతారు. నవంబర్‌కల్లా బ్రిటన్ బయటికొచ్చేసింది. మళ్ళీ లోపలికి రావడానికి 1973 దాకా పట్టింది. వచ్చి 2020లో వెళ్ళిపోవడం వేరే కథ.

స్పాక్ రిపోర్టు 1956 ఏప్రిల్‌లో వచ్చింది, మే నెలాఖర్లో వెనిస్‌లో మంత్రులు దాన్ని ఒప్పుకున్నారు, 1957 మార్చి 25న రోమ్‌లో సంతకాలు అయ్యాయి.

అన్నట్టు, మెస్సీనాకి వెళ్ళిన అసలు పని కూడా అయింది. మోనే కుర్చీ ఫ్రాన్స్ మాజీ ప్రధాని రెనే మేయర్‌కి ఇచ్చారు. 1958 మొదట్లో, రోమ్ ఒప్పందం అమల్లోకొచ్చిన కొద్దిరోజులకే, ఆయన కూడా ఆ కుర్చీ ఖాళీ చేశాడు.