పదునాఱింటి లెక్క: పాతనగరమున పెద్దల గణితవిద్య

మన తెలుగు కులసంఘముల వార్షిక సంచికలను తిరుగవేసినచో విద్యనుగూర్చి యొక వ్యాసమైనను లేని సంచిక కానరాదు. పాఠశాలల యావశ్యకత, వసతిగృహములు, బాలికావిద్య, విద్యార్థి వేతనములు మున్నగువానిని మనవారు పలుమాఱులు చర్చించిరి, చందాలెత్తిరి, కొన్నింటిని సాధించిరి. అయినను అక్షరమునకు లభించిన గౌరవము అంకెకు లభింపలేదు. అంకెలయందైనను బాలురపట్ల చూపిన శ్రద్ధ పెద్దలపట్ల చూపలేదు. కావున హైదరాబాదు పాతనగరము నాధారముగా గొని, మన పెద్దలకు లెక్కలయందు ధైర్యమెట్లు సడలెనో, దానిని మరల కలిగించుటకు ఏమి జరిగెనో, ఏమి జరుగలేదో సంగ్రహముగా విన్నవించుచున్నాను.

ధైర్యము సడలెనంటిని గాని తెలివి సడలెననలేదు. గౌలిపురా, లాల్ దర్వాజా, శాలిబండ ప్రాంతముల గృహములలో చీటీపాట జరుగునపుడు చూచినవారికీ భేదము తెలియును. ఇరువదిమంది సభ్యులు నెలకు వేయేసి రూపాయలు వేయుదురు. ఒకామె పదునాఱువేలకు పాడుకొనును. తగ్గిన నాలుగువేలు తలకు రెండువందల చొప్పున పంచవలెనని, కావున ఈ నెల తాను ఎనిమిదివందలే కట్టవలెనని, మూలను కూర్చున్న ముదుసలి కాగితము ముట్టకయే చెప్పును. ఆమెకే బ్యాంకు పుస్తకము చేతికిచ్చి మిగులు ఎంతయని యడిగినచో "నాకు లెక్కలు రావు నాయనా" అని పుస్తకమును మనుమని చేతికిచ్చును. లాడ్ బజారునందలి గాజుల సంగతియు నిట్లే. గాజుల కొలతను రెండు-నాలుగు, రెండు-ఆఱు, రెండు-ఎనిమిది యని చెప్పుదురు. రెండు-ఆఱనగా అడ్డుకొలత రెండంగుళములును, అంగుళమును పదునాఱు పాళ్లు చేసినచో అందు ఆఱు పాళ్లును. ఇది భిన్నగణితము గాక మఱేమి? ముంజేయి చూచినంతనే కొలత చెప్పగల గాజులవానిని భిన్నములు వచ్చునా యని యడిగిన, రావనియే చెప్పును.

ఈ పదునాఱు నిన్న మొన్న వచ్చినది గాదు. తెలుగువారి పూర్వగణన మంతయు సగములమీదను పాతికలమీదను నడచినది. పాతికలో పాతిక వీసము. వీసములో పాతిక కాణి. రెండు వీసములు పరక. పాత లెక్కలలో పాతికలకు నిలువుగీతలును, వీసములకు అడ్డగీతలును వ్రాసెడివారు. ధాన్యపు కొలతలలో రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండడ్డలు కుంచము. రూపాయకు పదునాఱణాలు, సేరునకు పదునాఱు ఛటాకులు, దర్జీవాని గజమునకు పదునాఱు గిరలు. ఇట్లు సొమ్ము, సరకు, గుడ్డ మూడును ఒకే సంఖ్యయందు కలిసియుండుటచే ఒక ఎక్కము వచ్చినవానికి మూడు లెక్కలును వచ్చెడివి. సేరు రూపాయయైనచో ఛటాకు అణా. గజము రెండు రూపాయలైనచో గిర రెండణాలు. పలక అక్కఱలేదు. శాస్త్రరీతి గణితమును మన భాషకు కొత్తది గాదు. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెనిగించెను. ఆయన రాజరాజనరేంద్రుని కాలమువాడని పెక్కురి యభిప్రాయము. అయినను వీథిబడి మెట్లెక్కని జనసామాన్యమును కాపాడినది పద్యగణితము గాదు, ఈ నోటిలెక్కయే.

మఱి వీరికి లెక్క యన్నంతనే బెదురేల కలిగెను? నా యూహలో దానికి మొదటి కారణము లిపి. నిజాము ప్రభుత్వపు ఆదాయవ్యయముల కాగితములు చిరకాలము పారసీకమున నుండెను. వానియందు సంఖ్యలను మనకు తెలిసిన అంకెలతో వ్రాయక, సియాఖు అను సంకేతలిపితో వ్రాసెడివారు. అరబ్బీ సంఖ్యాపదములనే కుదించి చుట్టలు చుట్టినట్లుండు లిపి యది. దఫ్తరులు కొన్ని కుటుంబముల చేతులలో వంశపారంపర్యముగ నుండెను. చార్మినారు చెంతనుండిన మాల్వాలా వారి భవనమును, శాలిబండలోని రాయరాయను వారి దేవిడియు ఆ కాలపు లెక్కల కోటలే. పన్ను కట్టు రైతునకుగాని, సరకు నమ్ము చిల్లరవర్తకునకుగాని తన పేరిట వ్రాసిన సంఖ్య యేదో తెలిసికొను నుపాయము లేదు. నోటిలెక్కలో తాను గెలిచినను కాగితముమీద సాహుకారు గెలుచును. ఇట్లు తరతరములు జరుగగా, కాగితముమీది లెక్కయే లెక్కయనియు, తన నోటిలో నున్నది లెక్క కాదనియు జనులు నమ్మసాగిరి.

సామాన్యుల మాటయేల? ఈ మోసము ప్రభుత్వమునకే తగిలినది. పేష్కారు చందూలాల్ కాలమున విలియం పామరు కంపెనీవారు నిజాము ప్రభుత్వమునకు అప్పులిచ్చుచుండిరి. 1820వ సంవత్సరమున ఏర్పడిన అఱువది లక్షల రూపాయల ఋణమును రెసిడెంటు మెట్‌కాఫ్ పరిశీలింపగా, అందు ఎనిమిది లక్షలు నిజముగా చేతికిచ్చిన సొమ్ము గాక, ఋణదాతలు తమకు పారితోషికముగ ముందుగనే చేర్చుకొన్నదని తేలెను. అఱువదికి వడ్డీ, చేరినది ఏబదిరెండు! ఈ అప్పులు తీర్చుటకై 1823లో సొమ్ము సమకూర్చిన ఈస్టిండియా కంపెనీ, ఉత్తర సర్కారులకై తాను ఏటేట నిజామునకు చెల్లింపవలసిన ఏడు లక్షల పేష్కషును దానితో రద్దుపఱచుకొనెను. నూటికి ఆఱు వంతున ఏడు లక్షలు వచ్చు మూలధనమెంతయో లెక్కించి, ఒక కోటి పదునాఱు లక్షల అఱువదియాఱువేల చిల్లర యని నిర్ణయించిరి. ఒక తెలుగు సీమపై హక్కు ఇట్లు వడ్డీ లెక్కలో కరగిపోయెను. చదువరులు ఆ ఎనిమిది లక్షలను జ్ఞాపకముంచుకొనవలెను. ముందు దానితో పనియున్నది.

ఇరువదవ శతాబ్దారంభమున నగరమునందలి తెలుగువారు మేల్కాంచిరి. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము, 1906లో విజ్ఞానచంద్రికా మండలి వెలసెను. ఆ 1906లోనే భాగ్యరెడ్డివర్మగారు జగన్మిత్రమండలిని స్థాపించి, హరికథలమూలమున దళితవాడలలో విద్యాప్రచారము గావించిరి. 1910 నుండి ఇసామియా బజారు, లింగంపల్లి మొదలగు చోట్ల పాఠశాలలు నెలకొల్పిరి. ఇవి మూసీకి ఆవలి యొడ్డున పుట్టినను వాని ప్రభావ మీవలి యొడ్డునకును ప్రాకినది. తక్కిన కులములవారును వసతిగృహములు కట్టించిరి. వీరందఱకు మనము చేతులెత్తి నమస్కరింపవలసినదే. అయినను ఒక్కమాట చెప్పక తప్పదు. గ్రంథాలయమునకు వచ్చిన పెద్దవానికి పత్రిక చదివి వినిపించిరి; పద్యము నేర్పిరి; సంతకము నేర్పిరి. సంతకము నేర్చినవాడు పత్రముమీద వ్రేలిముద్రకు బదులుగా సంతకము చేసెను. పైనున్న వడ్డీ లెక్క మాత్రము వానికి మునుపటివలెనే చీకటి.

చట్టము సహాయమునకు రాకపోలేదు. 1349 ఫసలీలో, అనగా 1939-40 ప్రాంతమున (ఫసలీకి 590 కూడిన క్రీస్తుశకము వచ్చును; ఇదియు మన పెద్దలు నిత్యము చేసిన కూడికయే), హైదరాబాదు వడ్డీవ్యాపారుల చట్టము వెలువడెను. ఋణదాత లెక్కలు సరిగా వ్రాసి ఋణగ్రహీతకు వాని వివరము తెలుపవలెనని దాని యుద్దేశము. వడ్డీ యసలును మించరాదను నియమము మన ధర్మశాస్త్రములలో మనుస్మృతి నాటినుండియు గలదు. 2010లో సూక్ష్మఋణ సంస్థల యాగడములు మితిమీరినపుడు ఆంధ్రప్రదేశ ప్రభుత్వము తెచ్చిన శాసనమునను ఆ నియమమే మరల కనబడినది. శాసనము కాగితము నిప్పించును. ఆ కాగితమును చదివి "అయ్యా, ఇచ్చట తప్పినది" అని వ్రేలు చూపువాడు లేనిచో దానివలన ప్రయోజనమేమి?

ఇంతలో రెండవ దెబ్బ తగిలినది. 1950లో భారత రూపాయ హైదరాబాదున ప్రవేశించెను. ఏడు హాలీసిక్కా రూపాయలకు ఆఱు భారత రూపాయలు. 1951లో హాలీ ముద్రణము నిలిచెను. 1959లో అది పూర్తిగా చెల్లకపోయెను. ఈ ఏడాఱుల లెక్క ఇంకను నోట కుదురుపడకముందే 1957 ఏప్రిల్ 1వ తేదీన నయాపైసలు వచ్చినవి. నాలుగణాలు ఇరువదియైదు పైసలు, బాగుగనే యున్నది. కాని అణాకు ఆఱు, రెండణాలకు పండ్రెండు, మూడణాలకు పందొమ్మిది! మూడాఱులు పదునెనిమిది గావలసినచోట పందొమ్మిది యేలనని యడిగిన ముసలమ్మకు సరియైన సమాధాన మెవరిచ్చిరి? అణాకు ఆఱుంబావు పైసలనియు, చిల్లర సగమునకు మించినచో పైకి, తగ్గినచో క్రిందికి సర్దిరనియు చెప్పినచో ఆమె నిమిషములో గ్రహించియుండును. పావు, సగము ఆమెకు పుట్టినింటి మాటలు. 1958 నుండి 1962 లోపల సేరు పోయి కిలోగ్రామును, గజము పోయి మీటరును వచ్చెను. దశాంశపద్ధతి మేలైనదే, దానిని నిందించుట నా యుద్దేశము గాదు. కాని పండ్రెండేండ్లలో ఒక తరమువారి ఎక్కములన్నియు చెల్లని నాణెములైనవి. మార్పు నేర్పుటకు పట్టికలు వ్రేలాడదీసిరి. చదువురానివానికి పట్టిక యేమి చెప్పును? "నాకు లెక్కలు రావు" అను మాట మన యిండ్లలో స్థిరపడుటకు ఈ పండ్రెండేండ్లు ముఖ్యకారణమని నేను తలంచుచున్నాను.

తరువాత ప్రభుత్వము వయోజనవిద్యకు పూనుకొనెను. 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యాకార్యక్రమము, 1988లో జాతీయ సాక్షరతా మిషను ప్రారంభమైనవి. ఈ మిషనువారు అక్షరాస్యునకు రావలసిన లెక్కలను నిర్ణయించిరి: నూఱువఱకు అంకెలు, చిన్న కూడికలు తీసివేతలు, గుణకార భాగహారములు, మెట్రిక్ కొలతలు, వడ్డీనిగూర్చి స్థూలజ్ఞానము. అన్నియు మంచివే. కాని భిన్నములు వలదని ప్రత్యేకముగ విధించిరి. పెద్దలకు భిన్నములు కష్టమని దయతో ననుకొనిరి కాబోలు! పుట్టినది మొదలు పావు, పరక, వీసములతో బ్రతికినవారికి వారి బలమునే తీసివేసి, ఒకటి రెండ్లనుండి పసిపిల్లలవలె మొదలిడుమనిరి. నడువగలవానికి ప్రాకుట నేర్పినట్లున్నది.

నెల్లూరు మండలమున మాత్రము సంగతి వేఱొక విధముగ జరిగినది. 1990 ప్రాంతపు అక్షరోద్యమమున సారాపై నొక పాఠముండగా, దూబగుంట స్త్రీలు దానిని చదివి సారా దుకాణమును మూయించిరి. ఇంటికి రావలసిన కూలిసొమ్ము ఎందు పోవుచున్నదను చర్చ అక్షరములతోపాటు నడచినది. 1993 అక్టోబరున సారా నిషేధింపబడెను. దినమునకొక రూపాయ పొదుపు అను స్త్రీల సంఘములు ఆ వేడిలోనే వ్యాపించినవి. అచ్చటి స్త్రీలకు లెక్క ధైర్యము వాచకమునుండి గాక, తమ సొమ్ము తాము లెక్కించుటనుండి వచ్చినది.

దేశాంతరమునందును ఇట్టి నిదర్శనమే కలదు. బ్రెజిలు దేశపు రెసిఫె నగరమున వీథులలో కొబ్బరికాయలు మొదలగునవి అమ్ము పిల్లలను విద్వాంసులు పరీక్షించి 1985లో ప్రకటించిరి. అంగడిలో బేరమాడుచు చేసిన లెక్కలు నూటికి 98 సరిపోయెను. ఆ లెక్కలనే కాగితముమీద ఉత్తసంఖ్యలుగ నిచ్చినపుడు 37 మాత్రమే సరిపోయెను. పిల్లలు వారే, అంకెలును అవియే. మన చీటీపాట ముదుసలికిని బ్యాంకు పుస్తకమునకును నడుమనున్న అగాధము ఇదియే.

కావున మన సంఘము పెద్దల గణితతరగతి నారంభింపదలచినచో వాచకముతో నారంభింపరాదని నా మనవి. వారి లెక్కతో ఆరంభించి, దానిని కాగితముమీదికి దింపవలెను. ఒక యుదాహరణము చూడుడు. నేడు చిల్లరవర్తకులకు దినవారీ యప్పులిచ్చు పద్ధతి యొకటి కలదు. పదివేలని వ్రాసి, వేయి ముందే పట్టుకొని, తొమ్మిదివేలు చేతికిత్తురు. దినమునకు నూఱు చొప్పున నూఱు దినములు వసూలు చేయుదురు. పదివేలకు వేయి, నూటికి పదియే కదాయని ఇచ్చువాడనును, పుచ్చుకొన్నవాడును తలయూపును. మనవారు వడ్డీని నూటికి నెలకెన్ని రూపాయలని లెక్కింతురు గనుక ఆ రీతినే యడుగుడు. తొమ్మిదివేలు మొదటినాడు చేతనుండెను. చివరినాటికి ఏమియు లేదు. సగటున చేతనున్నది నాలుగువేల యైదువందలు. దానికి నూఱు దినములకు వేయి యనగా నెలకు మున్నూఱు. నలుబదియైదు నూఱులకు మున్నూఱు: నూటికి నెలకు ఆఱు రూపాయలకు తక్కువ గాదు, ఏటికి డెబ్బదికి పైమాట! ముందే పట్టుకొన్న ఆ వేయి, పామరు కంపెనీవారి ఎనిమిది లక్షలకు వారసురాలు. ఇందు వచ్చిన గణితమెల్ల సగము, భాగహారము మాత్రమే. ఈ రెండును మన గాజులవానికి, దర్జీకి, కూరగాయల తల్లికి వచ్చును.

ఇట్టి తరగతికి భవనము వలదు, ప్రత్యేకపు జీతగాడు వలదు. పది చదివిన మన యువతీయువకులు చాలుదురు. కాని వారు బోధించుటకు ముందు కొన్ని దినములు పెద్దల నోటిలెక్కను విని వ్రాసికొనవలెను. తప్పు చెప్పినవారిని నలుగురిలో నవ్వరాదు. ఈ యొక్క నియమము తప్పినచో మఱునాడు చాప ఖాళీగ నుండును. వేళకు చీటీపాట రాత్రియే తగినది. పాట ముగిసిన పిమ్మట ఒక గంట. మొదటి పాఠమునకు సంఘపు జమాఖర్చుల పుస్తకమునే తెచ్చి, సభ్యులెల్లరయెదుట విప్పి, గత సంవత్సరపు చందాలను వారిచేతనే కూడించుడని మన కార్యదర్శిగారిని కోరుచున్నాను.