గుండ్రని తోలుత్రాడు

పలనాడనగానే మనకు బ్రహ్మనాయుడు, నాగమ్మ, కారెంపూడి రణరంగము స్ఫురించును. ఆ సీమలో కత్తి పట్టినవారి చరిత్ర వీరగాథయై నిలిచినది. సేద్యగానికి తోలుత్రాడు అల్లి యిచ్చినవారి చరిత్ర అంతగా వినబడదు. దానిని గూర్చియే మేము కొంత ముచ్చటింపదలచితిమి.

సాగరు కాలువలు రాకపూర్వము పలనాటి మెట్టపొలములకు వానయు, బావులును ఆధారములు. బావినుండి కపిలబానతో ఎద్దులు నీరు తోడెడివి. తోలుబాన, దాని తొండము, చెర్నాకోల, ఎద్దుమెడ పట్టెడ, రైతుకాలి చెప్పులు - ఇవి యన్నియు మాదిగ వృత్తికారుల చేతిపని. ప్రతిఫలముగా వారు కళ్లమువద్ద ధాన్యపు మేర పుచ్చుకొనెడివారు.

వారి పనికి మొదటి మెట్టు లంద. సున్నపునీట నానబెట్టి వెండ్రుకలు తీసిన తోలును తంగేడు బెరడు ఊరిన నీటిలో పదును చేయుదురు. పదునైన తోలును బద్దెలుగా కోయవలెను. గుండ్రని తోలుబిళ్ళను అంచునుండి నడిమివరకు చుట్టుచుట్టుగా కోసినచో అతుకులేని బద్దె వచ్చును. ఒక అడుగు అడ్డుకొలత గల బిళ్ళనుండి, పావు అంగుళపు వెడల్పున, లెక్కకు 37 అడుగుల బద్దె దిగును.

ఇక అల్లిక. బద్దె బల్లపరుపుగా నుండును. త్రాడు మాత్రము గుండ్రముగా నుండవలెను. ఇది యెట్లు సాధ్యము? మన యిండ్లలో వేయు మూడుపేటల జడను చూడుడు. ప్రతి పేటయు ప్రక్క అంచున మలగి వెనుకకు వచ్చును; కనుక జడ పలకగా నుండును. నాలుగుపేటల అల్లికలో కుడి చివరి పేటను ప్రక్కనున్న రెండింటి వెనుకగా ఎడమకు పోనిచ్చి, వానిలో ఎడమదాని మీదుగా మరల కుడికి తేవలెను. పిమ్మట ఎడమ చివరి పేటను అట్లే ఎడమకు మరలింపవలెను. ఈ విధమున పేటలు త్రాటి చుట్టును తిరుగును, అంచులే యుండవు. ఆరు, ఎనిమిది పేటలైనచో లోపల బోలు ఏర్పడును గనుక నడుమ నొక త్రాటిని ఉంచుదురు. బద్దెల లోపలి అంచులను రంపెతో పలుచన చేసి, తడిగా నున్నప్పుడే సమముగా బిగించి, పలకక్రింద దొర్లించినచో త్రాడు నునుపుదేరును. ఒక్క పేట సడలినను గుండ్రన చెడును.

ఆ కపిలనీటితో పైరు పండెను. కాని బానను కుట్టిన చేతులకు ఊరిబావిలో చేద వేయు హక్కు లేకుండెను. 12వ శతాబ్దమున బ్రహ్మనాయుడు చాపకూటిలో అన్ని కులములవారిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టెనని పలనాడు చెప్పుకొనును. ఆ సీమలోనే ఈ నిషేధము శతాబ్దములు సాగినది. అంటరానితనమును రాజ్యాంగము 1950లో రద్దు చేసినది. 1955లో దానిని శిక్షించు చట్టము వచ్చినది.

ఆ 1955లోనే నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. 1967లో కాలువలకు నీరు వదలిరి. కాలువలు, మోటారు పంపులు వచ్చినకొలదిని కపిల మూలబడినది. కపిలతోపాటు మేరయు పోయినది.

కారెంపూడిలో వీరుల ఆయుధములకు నేటికిని ఏటేట పూజ జరుగును. పలనాటి చరిత్ర వ్రాయువారు ఆ ఆయుధముల సరసన రంపెను, ఆరెను గూడ పేర్కొనవలెనని మా మనవి.