రోజు లెక్క, పని లెక్క

ప్రాజెక్టు సాఫ్ట్‌వేర్‌లో టికెట్ తెరవగానే దానంతట అదే మొదలయ్యే టైమర్‌ను చూస్తే, ఇది కంప్యూటర్ల కాలం తెచ్చిన పోకడ అనిపిస్తుంది. దాని వెనక నూరేళ్లు దాటిన తగాదా ఉంది. పని చేయించుకోవడానికి ముందు నుంచీ ఉన్న ఒప్పందాలు ముఖ్యంగా రెండు: రోజు కూలి, గుత్త. రోజు కూలికి వచ్చినవాళ్లు ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు వెళ్లారు అనేది లెక్క. మధ్యలో మేస్త్రీ అదిలిస్తాడేమో కానీ, ఏ పనికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసిపెట్టడు. గుత్తకు ఒప్పుకున్నవాళ్ల దగ్గర పని అయిందా లేదా అనేదే లెక్క. ఎంతసేపు పట్టిందన్నది వాళ్ల సొంత సంగతి. రెండింటిలోనూ కొలతకు అందని కొంత వెసులుబాటు పనిచేసేవాళ్ల చేతిలో మిగిలేది. పని సమయాన్ని కొలిచే సాధనాల చరిత్ర ఆ వెసులుబాటు కరిగిపోయిన చరిత్ర అని నా వాదన. కొలత సరిగ్గా ఉందా లేదా అన్నది అందులో చిన్న విషయమే.

మొదట వచ్చిన యంత్రాలు రోజు లెక్కవే. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆబర్న్‌లో నగల వ్యాపారి విల్లార్డ్ బండీ 1888లో తయారుచేసిన గడియారానికి, ఒక్కో కార్మికుడికి ఒక్కో నంబరున్న తాళంచెవి ఇచ్చేవారు. అది పెట్టి తిప్పితే కాగితం పట్టీ మీద నంబరూ వేళా అచ్చుపడేవి. కార్డులు తర్వాత వచ్చాయి. ఈ వ్యాపారం 1900లో ఇంటర్నేషనల్ టైమ్ రికార్డింగ్ కంపెనీలో కలిసింది; అది 1911లో మరికొన్ని సంస్థలతో ఒకటైంది; 1924లో ఆ ఉమ్మడి సంస్థ పెట్టుకున్న పేరే ఐబీఎం. కంప్యూటర్లకు మారుపేరైన కంపెనీ పునాదిలో హాజరు గడియారం ఉందన్నమాట. అయితే ఆ గడియారం గేటు దగ్గరే ఆగిపోయింది, లోపలి పని జోలికి పోలేదు.

లోపలికి తెచ్చినవాడు ఫ్రెడరిక్ టేలర్. ఫిలడెల్ఫియాలోని మిడ్‌వేల్ ఉక్కు కర్మాగారంలో 1880లలో అతను ఒక సంగతి పసిగట్టాడు. అక్కడ ముక్కకింత అని కూలి. ఎవరైనా చురుగ్గా పనిచేసి ఎక్కువ సంపాదిస్తే యాజమాన్యం రేటు తగ్గించేది. అందుకని కార్మికులందరూ కూడబలుక్కుని ఒక హద్దు దాటకుండా పనిచేసేవారు. టేలర్ దీన్ని దొంగపని అన్నాడు. నాకది బేరం తెలిసినవాళ్ల జాగ్రత్తగా కనిపిస్తుంది: పనికి నిజంగా ఎంతసేపు పడుతుందన్న రహస్యమొక్కటే వాళ్ల చేతిలోని పెట్టుబడి. స్టాప్‌వాచ్ వెతికింది ఆ రహస్యాన్నే. 1911 ఆగస్టులో మసాచుసెట్స్‌లోని వాటర్‌టౌన్ ఆయుధాగారంలో ఈ తగవు బయటపడింది. పోత పనిలో అనుభవం పెద్దగా లేని ఒక నిపుణుడు గడియారం పట్టుకుని అచ్చులు చేసే కార్మికుల పక్కన నిలబడ్డాడు. ఒక మౌల్డర్ తనను కొలవడానికి ఒప్పుకోలేదు. అతన్ని పనిలోంచి తీసేయగానే తోటి మౌల్డర్లు బయటికి నడిచారు. సమ్మె కొద్ది రోజులే సాగినా అమెరికా ప్రతినిధుల సభ విచారణ సంఘాన్ని వేసింది. 1912లో టేలర్ దాని ముందు సాక్ష్యం చెప్పాడు. 1915 నుంచి, సైన్యానికి కేటాయించిన నిధులతో స్టాప్‌వాచ్ అధ్యయనాలు చేయకూడదన్న షరతు చట్టంలోకి ఎక్కి 1949 దాకా నిలిచింది. ఆ కార్మికులు ఏళ్లుగా వేళకు వచ్చి వేళకు వెళ్తున్నవాళ్లే. వాళ్లు కాదన్నది తమ చేతి కదలికల లెక్క మరొకరి పుస్తకంలోకి ఎక్కడాన్ని.

ఎవరూ బలవంతపెట్టకుండా ఈ లెక్కను తలకెత్తుకున్నవాళ్లు లాయర్లు. బోస్టన్‌లో పేదలకు న్యాయసహాయం అందించే సంస్థను నడిపిన రెజినాల్డ్ హీబర్ స్మిత్, 1919లో హేల్ అండ్ డార్ సంస్థ నిర్వహణ చేపట్టాక, గంటను పది భాగాలు చేసి ఆరేసి నిమిషాల చొప్పున పని రాసుకునే అలవాటు ప్రవేశపెట్టాడు. ఏ కేసుకు తమకెంత ఖర్చవుతోందో తెలుసుకోవడానికే అది పుట్టింది. క్రమంగా ఆ ఖర్చు లెక్కే ధర అయి కూర్చుంది. లాయర్ల సంఘాలు పెట్టే కనీస ఫీజు పట్టికలు చెల్లవని 1975లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చాక గంటల బిల్లు మరింత పాతుకుపోయింది. ఒక అవసరానికి మొదలైన కొలత ఇంకో అవసరానికి మళ్లడం ఇక్కడ కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. వై2కే రోజుల్లో అమెరికా క్లయింట్ల పనికి కుదిరిన తెలుగు ఇంజనీర్లు వారం వారం నింపిన టైమ్‌షీట్లూ బిల్లు కోసం పుట్టినవే. అవి మనుషుల పనితీరును బేరీజు వేసే కాగితాలుగానూ మారాయి.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటి ఉంది: సమయం లెక్క లేకపోతే నష్టపోయేది ఉద్యోగే కదా? నిజమే. 1938 నాటి అమెరికా కార్మిక చట్టం గంటల రికార్డు ఉంచమన్నది ఓవర్‌టైం ఎగ్గొట్టకుండా చూడటానికే. రోజువారీ పనివేళలను నమ్మదగిన పద్ధతిలో నమోదు చేయాల్సిందేనని 2019 మేలో యూరప్ న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. ఆ వ్యాజ్యం వేసింది స్పెయిన్‌లోని కార్మిక సంఘం. కానీ ఆ చట్టమైనా, ఆ తీర్పైనా అడిగింది రోజు లెక్కను. కార్మికులు అడిగి తెచ్చుకున్న గడియారం అది. వాటర్‌టౌన్‌లో తిప్పికొట్టిన గడియారం వేరు. ఇప్పటి సాఫ్ట్‌వేర్ ఈ రెంటినీ ఒకే పట్టికలో కలిపేస్తుంది కాబట్టి, మొదటిదానికి ఉన్న న్యాయం రెండోదానికీ అంటగట్టడం తేలికవుతోంది.

పాత పనులకు పట్టిన సమయం తెలియకపోతే కొత్త ప్రాజెక్టుకు అంచనా ఎలా వేస్తారన్నది రెండో అభ్యంతరం. వారం చివర జ్ఞాపకంతో నింపే టైమ్‌షీటు కన్నా యంత్రం లెక్క నయమనీ అంటారు. ఒప్పుకోవచ్చు. అయితే అంచనా వేయడానికి పని రకమూ పట్టిన సమయమూ ఉంటే చాలావరకు సరిపోతుంది. పేరు రాసే గడి లేకున్నా పని జరుగుతుంది. పేరు పెట్టి, ఆ అంకెలను జీతాల సమీక్షకు తీసుకెళ్తే, మిడ్‌వేల్‌లో జరిగిందే ఇక్కడా జరుగుతుంది: టైమర్ నడుస్తూ ఉండగానే పని పక్కన పెట్టడం, తేలిక పనిని బరువైన టికెట్ కింద చూపించడం, ముందే అయిపోయిన పనిని గడువు దాకా తెరిచి ఉంచడం. అప్పుడు అంచనాకు అక్కరకొస్తుందనుకున్న లెక్కే ముందు పాడవుతుంది.