ఒక్క పిల్లవాడి కోసం తయారైన పాఠాలు

బడిలో నలభై మంది పిల్లలకు ఒకే పాఠం, ఒకే గంట, ఒకే పరీక్ష ఉంటాయి. ఈ పద్ధతి మనకు ఎంతగా అలవాటైపోయిందంటే, పాఠం అందని పిల్లవాణ్ణి చూసి "వీడికి చదువు రాదు" అనేస్తాం. "ఈ పాఠం వీడికి సరిపోలేదు" అని మాత్రం అనం. ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడా చిన్నది కాదు. ఆ తేడాను లోకం ఎలా గుర్తించిందో ఈ ప్రసంగంలో తెలుసుకుందాం. బిడ్డను ఇంట్లోనే కూర్చోబెట్టుకుని చదువు చెబుతున్న తల్లిదండ్రులకు ఈ చరిత్ర మరింత దగ్గరగా అనిపిస్తుంది. ఎందుకంటే ఇది మొదలైంది తరగతి గదిలో కాదు. ఒక వైద్యుడు, ఒక గృహిణి, ఒక పిల్లవాడు ఉన్న చోట మొదలైంది.

అవేరాన్ బాలుడు

1800 జనవరిలో దక్షిణ ఫ్రాన్సులోని అవేరాన్ ప్రాంతంలో ఒక బాలుడు అడవి నుంచి ఊళ్లోకి వచ్చాడు. వయసు పదకొండు, పన్నెండేళ్లు ఉండవచ్చునని అంచనా వేశారు. మాటలు రావు. ఎవరి బిడ్డో తెలియదు. అదే సంవత్సరం అతణ్ణి పారిస్‌లోని బధిరుల జాతీయ సంస్థకు తీసుకువచ్చారు. ఆ కాలంలో పేరుపొందిన మానసిక వైద్యుడు ఫిలిప్ పినెల్ అతణ్ణి పరీక్షించి, నయంకాని బుద్ధిమాంద్యం ఉందనీ, చదువు చెప్పినా ఫలితం ఉండదనీ అభిప్రాయపడ్డాడు.

ఇరవై ఆరేళ్ల వైద్యుడు ఇటార్ ఆ తీర్పును ఒప్పుకోలేదు. లోపం పుట్టుకలో కాదు, మనుషుల సహవాసం లేకపోవడంలో ఉందని ఆయన వాదన. బాలుడికి విక్టర్ అని పేరు పెట్టాడు. అన్నం పెట్టి, కనిపెట్టి చూసుకునే బాధ్యతను మేడమ్ గెరాన్ అనే గృహిణికి అప్పగించారు. అందుకు ప్రభుత్వం ఆమెకు జీతం ఇచ్చింది. ఇటార్ రాసిన నివేదికల వల్ల ఆయన పేరు నిలిచింది. కానీ ఆ పిల్లవాడికి ఇల్లు అంటే ఏమిటో తెలిసింది ఆమె వల్లనే. 1828లో చనిపోయే వరకు విక్టర్ ఆమె దగ్గరే ఉన్నాడు.

ఆగిన చోటు నుంచే మొదలు

ఇటార్ మొదట చేసిన పని పాఠం చెప్పడం కాదు, గమనించడం. పక్కనే తుపాకీ పేలినా పట్టించుకోని విక్టర్, అక్రోటుకాయ పగులగొట్టిన చిన్న చప్పుడుకు వెంటనే తల తిప్పేవాడు. అంటే చెవి బాగానే ఉంది. తనకు అవసరమైన చప్పుడునే అతను పట్టించుకుంటున్నాడు. చలీ వేడీ తేడా తెలియని అతనికి రోజూ గంటల తరబడి వేడినీటి స్నానం చేయించారు. కొన్నాళ్లకు నీళ్లలో వేలు ముంచి చూసి, చల్లగా ఉంటే దిగనని మొరాయించాడు. అది అతని మొదటి పాఠం అనుకోవచ్చు.

తరువాత నల్లబల్ల మీద వస్తువుల బొమ్మలు గీసి, ఏ వస్తువును ఆ బొమ్మ దగ్గర తగిలించడం నేర్పాడు. ఇది వచ్చేసింది. అయితే బొమ్మ స్థానంలో అక్షరాలతో పేరు రాస్తే విక్టర్‌కు ఏమీ అర్థం కాలేదు. ఇక్కడే ఇటార్ గొప్పతనం కనిపిస్తుంది. పిల్లవాణ్ణి కోప్పడలేదు. బొమ్మకూ అక్షరానికీ మధ్య దూరం ఎక్కువైందని గ్రహించాడు. ఆ మధ్యలో మరికొన్ని మెట్లు కట్టాడు. ముందు రంగూ ఆకారమూ రెండూ వేరుగా ఉన్న అట్టముక్కలు, తరువాత ఒకే రంగులో వేరువేరు ఆకారాలు, ఆ పైన అక్షరాలు. కొన్నాళ్లకు విక్టర్ ఫ్రెంచి భాషలో "పాలు" అనే మాటకు కావలసిన నాలుగు అక్షరాలను తనంతట తానే జేబులో వేసుకుని, రోజూ పాలు ఇచ్చే ఇంటికి వెళ్లి బల్ల మీద వరుసగా పేర్చాడు.

కానీ మరో చిక్కు వచ్చింది. "పుస్తకం" అంటే తన గదిలోని ఆ ఒక్క పుస్తకమే అనుకున్నాడు. ఆ గదికి తాళం వేసి పుస్తకం తెమ్మంటే, ఎదురుగా ఇంకొన్ని ఉన్నా తేలేకపోయాడు. ఒక మాట ఒక వస్తువుకు కాదు, ఒక జాతికి చెందుతుందని నేర్పడానికి ఇటార్ చాలా శ్రమపడ్డాడు.

విజ్ఞానశాస్త్రం బోధించే నాకు ఈ సంఘటన పదేపదే గుర్తుకొస్తుంది. ఒక తల్లి తన కొడుక్కు ఇంట్లో కొలతలు నేర్పింది. అర లీటరు పాల ప్యాకెట్లు రెండు గిన్నెలో పోస్తే లీటరు అవుతుందని వాడు చక్కగా చెప్పేవాడు. నూనె దగ్గరకు వచ్చేసరికి చెప్పలేకపోయాడు. "నిన్న నేర్పింది ఇవాళ మరిచిపోయాడు" అని ఆమె కంటతడి పెట్టుకుంది. అది మరుపు కాదు. వాడికి "అర లీటరు" అంటే పాల ప్యాకెట్టు. విక్టర్ పుస్తకం లాంటిదే. నీళ్లు, మజ్జిగ, నూనె, ఇలా ఒక్కొక్కటీ కొలిపించాక ఆ మాట పాలను వదిలి మిగతావాటికీ పాకింది.

ఓటమి నుంచి వచ్చిన వారసత్వం

సుమారు ఐదేళ్లు శ్రమించినా విక్టర్‌కు మాటలు రాలేదు. ఇటార్ నిరాశతో పాఠాలు ఆపేశాడు. అయినా ఆయన నివేదికలు వృథా కాలేదు. ఆయన శిష్యుడు ఎడ్వర్డ్ సెగాన్ ఆ పద్ధతులను బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు వర్తింపజేసి విస్తరించాడు. వారిద్దరి గ్రంథాలను ఇటలీ వైద్యురాలు మరియా మాంటిసోరి శ్రద్ధగా అధ్యయనం చేసింది. బడి తోసిపుచ్చిన పిల్లలు ఈ పద్ధతిలో నేర్చుకోగలిగితే, మామూలు పిల్లలు ఇంకెంత నేర్చుకోగలరు అనేది ఆమె ప్రశ్న. 1907లో రోమ్ నగరంలోని పేదల వాడలో ఆమె తెరిచిన బాలల గృహం ఆ ప్రశ్నకు సమాధానం. ఈనాడు మన పట్టణాల్లో పసిపిల్లలు చేత్తో తడిమి నేర్చుకునే గరుకుకాగితం అక్షరాల వెనుక ఇంత కథ ఉంది.

మన దేశంలో

గుజరాత్‌లో గిజుభాయి బధేకా వృత్తిరీత్యా న్యాయవాది. 1913లో కొడుకు పుట్టాక, వాడికి ఎలాంటి చదువు చెప్పించాలన్న ఆలోచన ఆయనను మాంటిసోరి పుస్తకాల వైపు నడిపించింది. చివరికి వకాలతు మానుకుని 1920లో భావ్‌నగర్‌లో బాలమందిరం స్థాపించాడు. 1939లో మాంటిసోరి స్వయంగా మద్రాసులోని అడయారుకు వచ్చింది. యుద్ధం కారణంగా 1946 వరకు ఇక్కడే ఉండి, వెయ్యి మందికి పైగా ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. 1984లో సికింద్రాబాదులో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ ఏర్పడింది. తల్లిదండ్రులకు ఇంటి దగ్గర చేయించవలసిన శిక్షణను నేర్పడం దాని పనుల్లో ఒకటి.

ఇల్లు, బడి, చట్టం

2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ ఉచిత విద్యను హక్కుగా చేసింది. 2012 సవరణ తీవ్ర వైకల్యం లేదా బహుళ వైకల్యం ఉన్న పిల్లలకు ఇంటివద్ద విద్యను ఎంచుకునే హక్కు ఇచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం వంటివాటిని కూడా గుర్తించింది. 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక పాఠశాల ద్వారా ఒక్కొక్క సబ్జెక్టును వీలును బట్టి పూర్తిచేసుకునే అవకాశం ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చట్టంలోని మాట "ఎంచుకునే హక్కు". అది కుటుంబం చేతిలో ఉన్నంతవరకు వరం. "మీవాణ్ణి ఇంట్లోనే ఉంచుకోండి" అని బడి చెబితే అదే గెంటివేత అవుతుంది. రెండు సందర్భాల్లోనూ పిల్లవాడు ఇంట్లోనే ఉంటాడు. తేడా అంతా నిర్ణయం ఎవరిది, సాయం అందుతోందా లేదా అన్నదాంట్లో ఉంది. మేడమ్ గెరాన్‌కు ప్రభుత్వం జీతం ఇచ్చిందన్న సంగతి మరువరాదు. ఇంటి చదువు అంటే తల్లి ఒక్కతే మోయవలసిన బరువు కాదని రెండు వందల ఏళ్ల కిందటే ఒక ప్రభుత్వం ఒప్పుకుంది.

విక్టర్ మాట్లాడలేకపోయాడు. కానీ అతని కోసం కట్టిన మెట్ల మీద తరువాత లక్షల మంది పిల్లలు నడిచారు. మీ ఇంట్లో ఈ రోజు పాఠం ఆగిపోతే, పుస్తకం మూసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: పిల్లవాడు నిలబడిన చోటుకూ నేను రమ్మంటున్న చోటుకూ మధ్య ఎన్ని మెట్లు లేవు?