పడవకెన్ని దీపాలు?

తెప్పోత్సవం ఎప్పుడైనా చూశారా? తిరుమలలో ఫాల్గుణ మాసంలో అయిదు రోజులపాటు స్వామి పుష్కరిణిలో జరుగుతుంది. తెప్ప చుట్టూ బల్బుల తోరణాలు, నీళ్ళలో వాటి నీడలు. ఒక్క దీపం పెడితే రెండు కనబడతాయి. అంత చవగ్గా అంత అందం ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి!

కాని ఆ తెప్పకో సుఖం ఉంది. నాలుగు పక్కలా మెట్లు. ఎదురొచ్చే పడవ లేదు. అంచేత దాని దీపాలకు అందంగా ఉండడమొక్కటే పని. ఏటి మీదో సముద్రం మీదో షికారు వెళ్ళే పడవ సంగతి అలా కాదు. దాని మీద రెండు రకాల దీపాలుంటాయి. ఒకటి మన ముచ్చటకి. రెండోది ఎదుటి వాడి కోసం. మొదటి దాన్ని గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదు. రెండో దీపం మాత్రం నూట ఎనభై ఏళ్ళుగా మనుషుల ప్రాణాలతో ముడిపడి ఉంది. విచిత్రమేమంటే, ఈ రెండూ ఒక పడవ మీద చేరాయో, తోడికోడళ్ళకన్నా ఎక్కువ పేచీ పడతాయి.

తెరచాప ఓడలు గాలి దయమీద నడిచిన కాలంలో దీపాల గొడవ అంతగా ఉండేది కాదు. ఎదుటి ఓడ దగ్గరికొచ్చిందనిపిస్తే ఓ లాంతరెత్తి చూపించేవాళ్ళు. ఆవిరి ఓడలొచ్చాక ఆ తీరుబడి పోయింది. చీకట్లో గాలికెదురుగా కూడా దూసుకొచ్చే ఓడకు లాంతరెత్తేలోపే ముక్కు తగిలేది. 1838లో అమెరికా వాళ్ళు ఆవిరి పడవలకు రాత్రిపూట దీపం ఉండి తీరాలని చట్టం చేశారు. 1848లో ఇంగ్లండు నౌకాశాఖ ఇంకో అడుగు ముందుకు వేసి రంగులు నిర్ణయించింది: ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క ఆకుపచ్చ, స్తంభం మీద తెలుపు. పదేళ్ళ తర్వాత, 1858లో, తెరచాప ఓడలకు కూడా పక్క దీపాలు తప్పనిసరయ్యాయి.

ఇందులోని తెలివి చూడండి. చీకట్లో ఓడ కనబడదు. దీపాలే కనబడతాయి. ఎర్రదీపం ఒక్కటే కనిపిస్తే అది తన ఎడమ పక్క మనకు చూపిస్తోందన్నమాట, అంటే మన కుడి నుంచి ఎడమకు పోతోంది. ఆకుపచ్చ ఒక్కటే అయితే ఎడమ నుంచి కుడికి. రెండూ ఒకేసారి కనిపించాయా, తిన్నగా మన మీదికే వస్తోంది! ఒక్క మాట మాట్లాడకుండా, ఒక్క కేక వెయ్యకుండా, “నేనిటు పోతున్నాను” అని చెప్పే భాష అది. ఒక పక్క దీపం రెండో పక్కకు కనబడితే ఆ భాషంతా కలగాపులగమైపోతుంది. అందుకని లాంతరుకు లోపలి వైపున మూడడుగుల పొడుగు చెక్క అడ్డం పెట్టమన్నారు. నూనె దీపాల రోజులవి. వత్తి కత్తిరించడం, చిమ్నీ మసి తుడవడం ఓడ మీద కూడా ఓ ఉద్యోగమే. రోజూ సంధ్యవేళ ఆ పని చేసిన మన అమ్మమ్మలకు జీతమేమీ ఉండేది కాదనుకోండి, అది వేరే సంగతి.

భాష ఉంటే చాలదు, ఇద్దరికీ ఒకటే వ్యాకరణం ఉండాలి. 1878 సెప్టెంబరు 3వ తేదీన లండన్ వాళ్ళు ఆ సంగతి తెలుసుకున్నారు. తెలుసుకున్న తీరే ఘోరం. విక్టోరియా రాణీగారి కూతురి పేరు పెట్టిన ‘ప్రిన్సెస్ ఆలిస్’ అనే విహార నౌక థేమ్స్ నది మీద షికారు ముగించుకుని తిరిగి వస్తోంది. పిల్లా జెల్లాతో బయలుదేరిన సంసారులు, రోషర్‌విల్ తోటలు చూసొస్తున్న జంటలు. ఎవరెంతమందో జాబితా కూడా లేదు. రాత్రి ఏడున్నర దాటింది. వుల్విచ్ దగ్గర నది మలుపులో ‘బైవెల్ కాజిల్’ అనే బొగ్గు ఓడ, ఖాళీగా, నీళ్ళ మీద ఎత్తుగా, ఎదురొచ్చింది. రెంటి మీదా దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. బొగ్గు ఓడ వాళ్ళకు మొదట షికారు పడవ ఎర్రదీపం కనబడిందట. ఆ లెక్కన ఓడ నడిపారు. షికారు పడవేమో నదిలో పోటు తక్కువున్న వైపుకి, ఆ నది సరంగులందరికీ అలవాటైన పద్ధతిలోనే తిరిగింది. అడ్డంగా వెళ్ళిపోయింది. నాలుగు నిమిషాల్లో మునిగింది. 650 మంది దరిదాపు పోయారు.

వాళ్ళలో ఆడవాళ్ళూ పిల్లలూ ఎంతోమంది. ఆ కాలపు గౌన్లు తడిస్తే మణుగుల బరువు, పైగా ఈత నేర్పించిన తల్లిదండ్రులెవరు? విచారణలు ఒకటికి మూడు జరిగాయి, ఒకరి తీర్పు ఒకరికి పొసగలేదు. చివరికి ఆ నదిలో ఎదురెదురుగా వచ్చే పడవలు ఎడమకు ఎడమగా తప్పుకోవాలన్న కట్టడి గట్టిపడింది. దీపాలున్నా అర్థం చేసుకోవడంలో తేడా వస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ అక్కర్లేదు. ఇక ఆ దీపాలు కనబడకుండానే పోతేనో?

అలాంటి ప్రమాదం అందమైన రూపంలోనే వచ్చింది. దాని పేరు కరెంటు.

1879 చివర్లో ఎడిసన్ మెన్లో పార్కులో తన బల్బుల్ని జనానికి చూపించాడు. చూసినవాళ్ళలో హెన్రీ విల్లార్డ్ అనే ఓడల యజమాని ఒకాయన. “నా కొత్త ఓడకు ఇవే కావాలి” అని పట్టుపట్టాడు. ‘కొలంబియా’ అనే ఆ ఓడలో 1880లో నూటికి పైగా బల్బులు పెట్టారు. ఓడ కట్టిన జాన్ రోచ్‌కు మాత్రం ఈ వ్యవహారం నచ్చలేదు. ఓడలోపల ఈ తీగలేమిటి, నిప్పంటుకుంటే ఎవరు జవాబుదారీ? అంచేత ఓడ తన చేతిలోంచి వెళ్ళాకే ఎడిసన్ మనుషులు తీగలు లాగారు. నాకు ముద్దొచ్చిన సంగతొకటుంది. ప్రయాణీకుడి గదిలో దీపం ఉంటుంది కాని స్విచ్చి ఉండదు. అది గది బయట తాళం వేసిన పెట్టెలో ఉండేది. దీపం వెయ్యాలన్నా ఆర్పాలన్నా ఓడ నౌకరుకి కబురెట్టాల్సిందే! కొత్తకోడలికి బీరువా తాళాలివ్వని అత్తగారు గుర్తుకొస్తే నా తప్పు కాదు.

ఆ దీపాలు బాగానే వెలిగాయి. ఆ ఓడ మాత్రం 1907 జూలైలో, కాలిఫోర్నియా తీరంలో, అర్ధరాత్రి దాటాక పొగమంచులో ఇంకో ఓడకు గుద్దుకుని మునిగి 88 మందిని పొట్టన పెట్టుకుంది. గదుల్లో ఎన్ని బల్బులుంటేనేం, మంచులోంచి అవతలి ఓడకు కనబడలేదు గదా.

పెద్ద ఓడల నుంచి సరదా పడవలకి కరెంటు దిగడానికి ఎంతో కాలం పట్టలేదు. 1881లో పారిస్‌లో గుస్తావ్ ట్రూవే అనే ఆయన సీన్ నది మీద బ్యాటరీతో పడవ నడిపాడు. 1893లో చికాగో ప్రదర్శనలో ఇలాంటి పడవలు 55 తిరిగాయి. పొగ లేదు, మసి లేదు, చప్పుడు లేదు. ఆ ఒక్క వేసవిలోనే పది లక్షల మందికి పైగా ఎక్కారు. బ్యాటరీ పడవలోకొచ్చాక దీపానికి లోటేమిటి? అంతవరకూ కాగితపు లాంతర్లతో సరిపెట్టుకున్నారు. 1908 జూలై 4న కాలిఫోర్నియాలోని న్యూపోర్ట్ రేవులో జాన్ స్కార్పా అనే ఇటలీ పడవవాడు తన పడవకు జపాను లాంతర్లు కట్టి ముందు నడిస్తే ఎనిమిది చిన్న పడవలు వెనకాల వెళ్ళాయట. అక్కడ ఇప్పటికీ ఏటా క్రిస్మసుకు దీపాల పడవల ఊరేగింపు జరుగుతుంది. కాగితపు లాంతర్లు పోయి కరెంటు తోరణాలొచ్చాయి, అంతే తేడా.

ఇక్కడే పేచీ మొదలు. నూనె దీపాలున్నప్పుడు ముచ్చట లాంతరు ముచ్చటదే, దారి లాంతరు దారిదే. ఒకదాని నూనె ఇంకోటి తాగదు. కరెంటు అలా కాదు. పడవలో ఉండేది సాధారణంగా 12 వోల్టుల బ్యాటరీ. దాన్ని ముట్టుకుంటే షాకు కొట్టదు కాబట్టి అందరికీ అలుసే. మన ఇంట్లో 230 వోల్టుల్లో ఒక వోల్టు దారిలో పోతే ఎవరికీ తెలియదు. 12 వోల్టుల్లో ఒకటి పోయిందంటే పదోవంతు దాకా పోయినట్టు లెక్క. పాతకాలపు తీగ బల్బుకి వోల్టేజి పదోవంతు తగ్గితే వెలుగు సుమారు మూడోవంతు తగ్గిపోతుంది! సన్న తీగ, పొడుగు తీగ, తుప్పు పట్టిన కొస, ఈ మూడూ వెలుగుని దారిలోనే తినేస్తాయి.

ఇప్పుడు పడవ యజమాని ముచ్చటపడి అంచుల వెంట పది వాట్ల బల్బులు ఎనిమిది పెట్టాడనుకోండి. బ్యాటరీ నుంచి కొత్తగా తీగ లాగడానికి బద్ధకించి, దగ్గర్లో ఉందిగదా అని ముక్కు మీది ఎర్రదీపం తీగనుంచే కలిపేశాడు. ఎనభై వాట్లంటే దాదాపు ఏడు ఆంపియర్లు. ఒక్క దీపం కోసం వేసిన తీగలో అంత కరెంటు పారితే తీగ వేడెక్కుతుంది, ఎర్రదీపం గుడ్డిదవుతుంది. రేవులో నిలబడి చూస్తే పడవ పెళ్ళి పందిరిలా మెరిసిపోతుంటుంది. మైలు దూరాన కనబడాల్సిన దీపం అరమైలుకే మాయమైపోతుంది. పోనీ, నీళ్ళు చేరి అలంకారం బల్బుల్లో ఒకటి షార్టయింది. ఫ్యూజు పోయి అన్నీ ఆరిపోతాయి, ఎర్రదీపంతో సహా. ముక్కు మీద దీపం పోయిందని వెనక కూర్చున్న వాళ్ళకు చప్పున తెలియను కూడా తెలియదు.

అందుకే తెలిసిన పనివాళ్ళు దారి దీపాలకు వేరే తీగ, వేరే ఫ్యూజు పెడతారు. ఆ ఫ్యూజు కూడా బ్యాటరీకి ఆనుకునే ఉండాలి, లేకపోతే మధ్యలో ఉన్న తీగకు కాపలా ఎవరు? ఇంట్లో గోడలోపల వేసే ఒంటి తీగ పడవలో పనికిరాదు. ఇంజను అదురుకు పుటుక్కున తెగుతుంది. సన్న పోగులు చాలా కలిపి పేనిన రాగి తీగ కావాలి, ఆ పోగులకు తగరం కళాయి ఉంటే ఉప్పుగాలికి నల్లబడవు. మన ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టించుకున్నట్టే. కళాయి వాడు వీధుల్లోకి రావడం మానేశాడు గాని, పడవ తీగల్లో మాత్రం ఆ విద్య బతికే ఉంది.

దీపాలు ఎక్కువైతే ఇంకో చిక్కు. మ్యాటినీకి ఆలస్యంగా వెళ్ళి, ఎండలోంచి హాల్లోకి అడుగుపెడితే ఎవరి ఒళ్ళో కూర్చుంటామో తెలియదు గదా! కంటికి చీకటి పూర్తిగా అలవాటు కావడానికి ఇరవై ముప్ఫై నిమిషాలు పడుతుంది. చుట్టూ బల్బులు పెట్టుకుని చుక్కాని పట్టినవాడికి ఆ అలవాటు ఎప్పటికీ కాదు. అతగాడి పడవ అందరికీ కనబడుతుంది, అతనికి ఎవరూ కనబడరు.

1972లో ప్రపంచ దేశాలు కూర్చుని ఒప్పుకున్న సముద్ర నిబంధనలు 1977లో అమలుకొచ్చాయి. మన దేశమూ ఒప్పుకున్నదే. అందులో అలంకారం దీపాల్ని నిషేధించలేదు. కాని సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా దారి దీపాలు తప్పవన్నారు. మిగతా ఏ దీపమైనా వాటిని చూసి భ్రమపడేలా ఉండకూడదు, వాటి వెలుగును కప్పకూడదు, కాపలా కాసే కంటికి అడ్డం రాకూడదు. మూడే షరతులు. ముక్కు దగ్గర సరదాగా ఓ ఆకుపచ్చ బల్బు పెట్టినవాడు మొదటి షరతులోనే తప్పాడన్నమాట.

ఇప్పుడు ఎల్.ఇ.డి.లొచ్చాయి. ఇరవై అయిదు వాట్ల బల్బు చేసే పని రెండు మూడు వాట్లతో అయిపోతోంది. నీలం ఎల్.ఇ.డి. కనిపెట్టిన ముగ్గురు జపాను శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. తీగల మీద బరువు తగ్గింది, ఇక చింత లేదనుకున్నారు. 2018 ఆగస్టులో అమెరికా తీర రక్షకదళం వాళ్ళో హెచ్చరిక చేశారు: కొన్ని నాసిరకం ఎల్.ఇ.డి. దీపాలు ఆపదవేళ మాట్లాడే రేడియోని చెవిటిదాన్ని చేస్తున్నాయని! ఇంట్లో మిక్సీ తిప్పితే రేడియో గరగరలాడినట్టే. పరీక్ష కూడా చెప్పారు. రేడియో గరగర సరిగ్గా ఆగేదాకా మర తిప్పి, తర్వాత దీపాలు ఒక్కొక్కటే వేసి చూడమన్నారు. ఏ దీపం వేస్తే గరగర మళ్ళీ మొదలైందో అదే దొంగ.

ఇన్ని తీగలూ ఫ్యూజులూ అక్కర్లేని పడవ కూడా ఒకటుంది. తెడ్డు పడవ. దానికి రంగు దీపాలుంటే మంచిదే, లేకపోయినా తప్పులేదన్నారు. తెల్లని వెలుతురు వచ్చే టార్చిలైటో, వెలిగించిన లాంతరో చేతికందేలా ఉంచుకుని, ఎదురుగా ఎవరైనా వస్తుంటే ముందుగానే చూపిస్తే చాలు. ఆ టార్చి బ్యాటరీలు పిల్లలు తమ బొమ్మల్లోకి ఎగరేసుకుపోకుండా చూసుకోవలసింది మాత్రం మనమే.