తండా నుంచి జాగ్రెబ్ దాకా.. నిజామాబాద్ స్ట్రైకర్ గుగులోత్ సౌమ్య కెరీర్ ఇదీ!

నిజామాబాద్ అనగానే బాక్సర్ నిఖత్ జరీన్, ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ గుర్తొస్తారు. ఈ లిస్టులో చేర్చాల్సిన మరో పేరు గుగులోత్ సౌమ్య. భారత మహిళల ఫుట్‌బాల్ జట్టు ఫార్వర్డ్.

ఎవరీ సౌమ్య?
నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండా అమ్మాయి. 2001లో పుట్టింది. 2021లో సీనియర్ టీమ్ జెర్సీ వేసుకుంది.

క్లబ్ కెరీర్ ఎలా సాగింది?
ముందు ముంబై క్లబ్ కెంక్రే, ఆ తర్వాత గోకులం కేరళ. 2022లో ఏకంగా యూరప్ ఛాన్స్ కొట్టేసింది. జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియా క్లబ్ డైనమో జాగ్రెబ్‌లో చేరింది. తిరిగొచ్చాక మళ్లీ గోకులం, అక్కడి నుంచి కోల్‌కతా ఈస్ట్ బెంగాల్.

టర్నింగ్ పాయింట్ ఏది?
2024-25 ఇండియన్ విమెన్స్ లీగ్. ఈస్ట్ బెంగాల్ తొలిసారి టైటిల్ కొట్టింది. ఒడిశా ఎఫ్‌సీపై 1-0తో గెలిచి కప్ ఖాయం చేసుకున్న మ్యాచ్‌లో ఆ ఒక్క గోల్ సౌమ్యదే! సీజన్ మొత్తం మీద 9 గోల్స్. ఆ ఏడాది ఆల్ ఇండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఉత్తమ క్రీడాకారిణి అవార్డు కూడా ఆమెకే దక్కింది.

మరి ఇండియా తరఫున?
2025 జూన్‌లో ఆసియా కప్ క్వాలిఫయర్స్‌లో మంగోలియాను భారత్ 13-0తో చిత్తు చేసింది. అందులో రెండు గోల్స్ సౌమ్య ఖాతాలోవే. జులై 5న థాయ్‌లాండ్‌పై 2-1తో గెలిచి భారత్ 2026 ఆసియా కప్ బెర్త్ పట్టేసింది.

అసలు లోటు ఇక్కడే..
ముంబై, కేరళ, జాగ్రెబ్, కోల్‌కతా.. సౌమ్య ఆడిన క్లబ్బుల్లో సొంత రాష్ట్రానిది ఒక్కటీ లేదు. ఆమె అవార్డు అందుకున్న సీజన్‌లో లీగ్ ఆడినవి 8 జట్లు. వాటిలో తెలంగాణ, ఏపీ క్లబ్ ఒక్కటంటే ఒక్కటి లేదు. అంటే నిజామాబాద్, బోధన్ గ్రౌండ్లలో ఇప్పుడు బంతి తన్నుతున్న అమ్మాయిలు కూడా టాప్ లీగ్ ఆడాలంటే ఊరే కాదు, రాష్ట్రమే దాటాలి.

దీనికి దారి చూపిన స్ట్రైకర్ కూడా ఉన్నాడు. బైచుంగ్ భూటియా కెరీర్ చివర్లో సొంత రాష్ట్రంలో యునైటెడ్ సిక్కిం క్లబ్ నిలబెట్టాడు. ఆ టీమ్ ఐ-లీగ్ దాకా వెళ్లింది. గోల్స్ కొట్టినవాళ్లే క్లబ్ కూడా నడపొచ్చని చూపించాడు.

సౌమ్య ముందు ఇంకా బోలెడు ఆట ఉంది. ఆమె తర్వాత వచ్చే అమ్మాయికైనా ఇంటి దగ్గర ఓ క్లబ్ ఉంటుందా? అదే అసలు ప్రశ్న.